సడిలేని నిష్క్రమణము

పరసీమలలో కోటలు పట్టిన సేనానుల పేర్లు విద్యార్థులకు కంఠస్థములు. పట్టిన నేలను విడిచి, తమను నమ్మిన సైనికులను ప్రాణములతో ఓడలకు చేర్చినవారిని తలచువారరుదు. ఆస్ట్రేలియా సేనాని సిరిల్ బ్రూడెనెల్ వైట్ అట్టివారిలో అగ్రగణ్యుడు.

వైట్ 1876 సెప్టెంబరు 23వ తేదీన విక్టోరియా సీమలోని సెయింట్ ఆర్నాడ్‌లో జన్మించెను. బాంకు గుమాస్తాగా జీవితమారంభించి, సైన్యమున చేరి, 1906లో ఇంగ్లండునందలి కాంబర్లీ సైనిక కళాశాలకు వెళ్ళెను. జమాఖర్చులు సరిచూచిన చేతికి సైన్యపు లెక్కలు కొత్తగాకపోవుట సహజమే.

1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండు సేనలు తురుష్కదేశమున గల్లిపోలీ తీరమున దిగెను. వారు దిగిన చోటికి ఆన్‌జాక్ అను పేరు స్థిరపడినది. ఎనిమిది మాసములు గడచినను కొండ చరియలను దాటి ముందుకు సాగుట సాధ్యము కాలేదు. నవంబరు తుదిని తుపాను, మంచు విరుచుకుపడినవి. డిసెంబరు 7న ఆన్‌జాక్, సువ్లా తీరములను విడువవలెనని లండనులో నిశ్చయించిరి. కాని విడుచుటెట్లు? కొన్నిచోట్ల శత్రువు కందకము పదిపదిహేను గజముల దూరముననే యున్నది. నూటికి 30 నుండి 40 మందివరకు నష్టపోవచ్చునని సర్వసేనాపతి మన్రో అంచనా.

దాడిని తెరగా చేసికొని తొలగుటకన్న, ఏమియు మారనట్లు కనిపించుటయే మేలని వైట్ తలచెను. ఆజ్ఞ రాకమునుపే, నవంబరు 24 సాయంకాలము మొదలు మూడుదినములు తుపాకులను మూగపోనిచ్చెను. కందకములు ఖాళీయైనవేమోయని చూడవచ్చిన తురుష్కులు గుండ్లపాలైరి. నిశ్శబ్దమునకు అర్థము నిష్క్రమణము కాదని శత్రువు ఆనాడే నేర్చుకొనెను. అదియే వైట్ కోరిన పాఠము.

అటుపై లెక్క మొదలైనది. ముందుగా రోగులు, మిగులు సరకులు, జంతువులు, పిదప ఫిరంగులు, కడపట మనుష్యులు. అన్నియు రాత్రివేళనే కదలవలెను. మిగిలినవారికి ఎన్ని దినముల ఆహారము, ఎన్ని గుండ్లు కావలయునో అంతయే ఉండవలెను. పగలు మాత్రము వంటపొయ్యిలు పొగ విడుచుచునే యుండెను. ముందునుండి సరకులు మోసిన భారతీయ కంచరగాడిదల దళమువారి బండ్లు ఎప్పటివలెనే తిరుగాడెను. గాయపడినవారు మోయలేనంతమంది యైనచో వారికై వైద్యులను వెనుక నిలుపుటకును ఏర్పాటు జరిగెను. ఈ యొక్క అంశమే ఆయన మనస్సునెంత కలతపెట్టియుండునో ఊహించుట కష్టము కాదు.

డిసెంబరు 18, 19 రాత్రులలో ఆన్‌జాక్‌నుండి తుది 20,000 మంది కదలిరి. బూట్లకు గోనెపట్టలు చుట్టిరి. స్కరీ యను యువసైనికుడు కల్పించిన ఉపాయముచే, డబ్బానుండి కారు నీరు నిండగా తుపాకి తానే పేలెను. తెల్లవారుజామున కడపటి పడవ తీరము వీడెను. తమ సహచరుల సమాధులను విడిచిపోవుటయే సైనికులకు దుర్భరమయ్యెను. గాయపడినవారు కొద్దిమంది మాత్రమే. వెనుక నిలుపదలచిన వైద్యుల అవసరము రాలేదు. రెండు తీరములనుండి సుమారు 83,000 మంది, 186 ఫిరంగులు, నాలుగువేలకు పైగా జంతువులు తరలివచ్చెను.

ఇంత జరిగినను జనుల నోట మెలగినది బర్డ్‌వుడ్, మోనాష్ వంటివారి పేర్లే. విశ్రాంతి పొందియున్న వైట్‌ను 1940లో మరల సైన్యాధ్యక్షునిగా పిలిచిరి. ఆ ఆగస్టు 13న కాన్‌బెర్రా సమీపమున విమానము కూలి, ముగ్గురు మంత్రులతోపాటు ఆయనయు మరణించెను.