పురస్కారానికి నోచుకోని నాటకం

ఏటా ఏప్రిల్ 11న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో జోతీరావు ఫూలే జయంతి సభలు జరుగుతాయి. చాలా ఏళ్లుగా ఆ సభలకు వెళ్తున్నాను, వేదికలెక్కి మాట్లాడుతున్నాను. బాలికల పాఠశాల, సావిత్రిబాయి, ‘గులాంగిరీ’, సత్యశోధక సమాజం: మా ఉపన్యాసాలన్నీ వీటి చుట్టే తిరుగుతాయి. ఆయన తొలి రచన ఒక నాటకమన్న సంగతి ఆ వేదికల మీద ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు. నేనూ ప్రస్తావించలేదు.

ఫూలే 1827లో పుణేలో మాలీ కులంలో పుట్టారు. పూల వ్యాపారమే ఇంటిపేరైంది. పసితనంలోనే తల్లి పోయింది. స్కాటిష్ మిషన్ పాఠశాలలో చదివారు. 1848లో ఒక బ్రాహ్మణ మిత్రుడి పెళ్లి ఊరేగింపులో ఎదురైన అవమానం, అదే ఏడాది తెరిచిన బాలికల పాఠశాల, ఆ కారణంగా భార్యతో సహా తండ్రి ఇల్లు వీడటం పాఠకులకు తెలిసినవే. తెలియనిది 1855. ఆ ఏడాది, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన ‘తృతీయ రత్న’ రాశారు.

కథ చిన్నది. ఒక కుణబీ రైతు ఇంటికి జోశీ వస్తాడు. ఇంట్లో గర్భవతి ఉంది. గ్రహాలు బాగాలేవని, కడుపులోని బిడ్డకు గండముందని భయపెడతాడు. శాంతి చేయాలంటాడు, బ్రాహ్మణులకు భోజనాలు పెట్టాలంటాడు. ఖర్చు ఆ ఇల్లు మోయలేనంత అవుతుంది. ఒక పాద్రీ వచ్చి వాదిస్తాడు. పక్కనే నిలిచిన విదూషకుడు జోశీ ఎత్తుగడలను ఒక్కొక్కటిగా ప్రేక్షకులకు విప్పి చూపుతాడు. సంస్కృత నాటకంలో విదూషకుడు సాధారణంగా బ్రాహ్మణుడే, రాజుకు నర్మసచివుడు. ఫూలే ఆ పాత్రనే తీసుకుని పురోహితుడి మీదికి తిప్పారు. చివరికి దంపతులిద్దరూ రాత్రి బడికి వెళ్లి చదువుకోవాలని నిశ్చయించుకుంటారు. పేరులోని మూడో రత్నాన్ని విద్యగా, మూడో కన్నుగా వ్యాఖ్యాతలు చెబుతూ వచ్చారు.

పరిశోధన రోజుల్లో దీన్ని తొలిసారి చదివినప్పుడు నాకు పుణే కాదు, కోరుట్లలోని మా ఇల్లు కనిపించింది. నాన్న భివండీలో సాంచాల మీద పనిచేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. చెల్లె కడుపులో ఉన్నప్పుడు ఒక పంతులు దోషముందన్నాడు. భివండీ నుంచి వచ్చిన రెండు నెలల మనియార్డరు శాంతికే పోయింది, మీద అప్పు మిగిలింది. ఆ పంతులూ పేదవాడేనన్న మాట కూడా చెప్పాలి. అయినా భయం ఆయన నుంచి మా ఇంటికి, డబ్బు మా ఇంటి నుంచి ఆయనకు ప్రవహించింది గాని ఏనాడూ ఎదురు నడవలేదు. ఫూలే పట్టుకున్నది ఈ ప్రవాహాన్నే.

నాటకాన్ని ఆయన దక్షిణా బహుమతి కమిటీకి పంపారు. పీష్వాల కాలంలో బ్రాహ్మణ పండితులకు పంచిన దక్షిణ సొమ్ములో కొంత కంపెనీ హయాంలో గ్రంథ రచనకు బహుమతులుగా మారింది. ఆ నిధి ఈ నాటకాన్ని మెచ్చుతుందని ఆయన నిజంగా నమ్మారా అని నాకిప్పటికీ అనుమానమే. కమిటీ తిరస్కరించింది. బ్రాహ్మణ సభ్యుల పట్టుదల ముందు ఐరోపా సభ్యుల మాట చెల్లలేదని 1873 నాటి ‘గులాంగిరీ’లో ఆయన నమోదు చేశారు. నాటకం 1979లో గాని అచ్చు కాలేదు. మరాఠీ నాటక చరిత్ర మాత్రం 1843 నాటి ‘సీతా స్వయంవర్’తో మొదలై పురాణాల మీదుగా సాగిపోయింది. మన ‘కన్యాశుల్కం’ 1892లో రంగమెక్కింది. అది అగ్రహారం లోపలి నుంచి చూసిన లోకం. ఫూలేది పురోహితుడు వచ్చి తలుపు తట్టే ఇంటి లోపలి చూపు.

ఆ పోరాటంలో తెలుగువారి చెయ్యి ఉంది. నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వలసపోయిన శ్రామికులే కామాఠీలు. వారి పేరుతోనే కామాఠీపురా ఏర్పడింది. ఆ నగరంలో స్థిరపడిన రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలోజీ కాలేవార్, జాయా కారాడి లింగు వంటి తెలుగువారు సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. సమాజానికి ముద్రణాయంత్రం సమకూరడంలోనూ బొంబాయి తెలుగువారి దానం ఉంది. నాటకం అచ్చుకు నోచుకోని మనిషికి అచ్చుయంత్రం ఇచ్చినవారు మనవాళ్లని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు.

నాటకంలో పాద్రీకి అంత చోటివ్వడం నాకు నచ్చదు. ఇంగ్లీషు ప్రభుత్వం మీద ఆయన పెట్టుకున్న నమ్మకమూ ఎక్కువే. కానీ ఆ నమ్మకం కళ్లు మూసుకోలేదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన నివేదనలో, రైతు కట్టే పన్నుతో పైకులాల ఉన్నత విద్య సాగుతోందని దొరలకే లెక్క చెప్పారు. పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య నిర్బంధం కావాలన్నారు. మరుసటి ఏడాది ‘షేత్కర్యాచా అసూడ్’లో ఆ కుణబీయే మళ్లీ కనిపిస్తాడు. ఈసారి జోశీతో పాటు గుమాస్తాలూ అధికారులూ అతణ్ని చుట్టుముట్టి ఉంటారు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయినా ఎడమచేత్తో చివరి గ్రంథం రాసి, 1890 నవంబరు 28న ఆయన కన్నుమూశారు.

1978 జైత్రయాత్ర తర్వాత జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో పాటా ఆటా ఊరూరా తిరిగాయి. దొర గడీ మీద ఎన్నో రూపకాలు చూశాను. ఇంట్లోకే వచ్చి కూర్చునే భయం మీద, నాకు తెలిసినంతలో, చాలా తక్కువ. మేమంతా చేసిన పొరపాటు అది.

నిరుడు జగిత్యాలలో కొందరు విద్యార్థులకు ఈ నాటకాన్ని తెలుగులో చెబుతూ వినిపించాను. రాత్రి బడి దగ్గరికి వచ్చేసరికి ఒక అమ్మాయి లేచి, ఆ బడికి ఫీజెంత సార్ అని అడిగింది. నవ్వలేకపోయాను. సిరిసిల్ల పిల్లలు దీన్ని ఆడతామంటున్నారు. వాళ్లలో ఇద్దరు సాంచాల మీద పనిచేస్తారు. షిఫ్టు దిగాకే వస్తారు గనుక రిహార్సల్ రాత్రి తొమ్మిదికి పెట్టుకున్నాం.