గోపురనిర్మాత గుస్తావ్ ఐఫెల్

పారిసు నగరమునందలి ఐఫెల్ గోపురపు పటమును చూడని విద్యార్థి మనలో అరుదు. కాని ఐఫెల్ అనునది ఒక మనుష్యుని పేరనియు, ఆ గోపురమునకు పునాదులు త్రవ్వుచున్న దినములలోనే ఆ నగరపు పెద్దలు పలువురు దానిని ఆపవలెనని పట్టుబట్టిరనియు ఎరిగినవారు కొలదిమందియే. అందుచేత ఆ నిర్మాత చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

గుస్తావ్ ఐఫెల్ 1832వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన ఫ్రాన్సు దేశమునందలి దిజోన్ పట్టణమున జన్మించెను. సుప్రసిద్ధమైన పోలీతెక్నిక్ విద్యాలయమున ప్రవేశము లభింపకపోగా, అతడు ఎకోల్ సెంత్రాల్ అను మరియొక విద్యాలయమున చేరి, రసాయనశాస్త్రము ప్రధానముగ చదివి 1855లో పట్టము పొందెను. కోరినది దొరకలేదని దిగులుతో కూర్చుండక, దొరికిన పనియందే ప్రావీణ్యము గడించెను. ఇరువదియారేండ్లు నిండకమున్నే బోర్దో నగరమువద్ద గరోన్ నదిపై 500 మీటర్ల రైలు వంతెనను కట్టించు బాధ్యత అతనికి అప్పగింపబడెను. 1866లో పారిసు చెంత స్వంత కర్మశాల స్థాపించెను. పోర్చుగలునందలి పోర్టో వంతెన, ఫ్రాన్సునందలి గరబీ వంతెన అతని కీర్తిని నలుదిశల చాటెను. న్యూయార్కు రేవునందలి స్వేచ్ఛామూర్తి విగ్రహమునకు లోపలి ఇనుప అస్థిపంజరమును సమకూర్చినదియు అతని సంస్థయే.

లోతైన లోయలపై వంతెనలు కట్టుటవలన ఐఫెల్ ఒక సంగతి చక్కగా గ్రహించెను. మిక్కిలి ఎత్తైన కట్టడమునకు గాలియే గొప్ప శత్రువు. గోడవలె మూసియున్న కట్టడము గాలి తాకిడినంతయు తనపై వేసికొనును. జల్లెడవలె సందులుగల ఇనుప అల్లిక దానిని తనగుండ పోనిచ్చును.

1789 నాటి విప్లవమునకు నూరేండ్లు నిండు సందర్భమున 1889లో పారిసునందు గొప్ప ప్రదర్శనము జరుప నిశ్చయమయ్యెను. అప్పటికి లోకమున అన్నిటికంటె ఎత్తైన వాషింగ్టన్ స్తంభము 169 మీటర్లు మాత్రమే. 300 మీటర్ల ఇనుప గోపురమునకు 1884లో మొదట నమూనా గీసినవారు ఐఫెల్ సంస్థలోని ఇంజనీరులు మోరిస్ కెష్లాన్, ఎమీల్ నూగియే అనువారు. స్తెఫాన్ సోవెస్త్ర్ అను వాస్తుశిల్పి దానికి సొంపు కూర్చెను. ఐఫెల్ తొలుత అంతగా ఆసక్తి చూపలేదు. పిమ్మట దాని విలువ తెలిసికొని, వారి హక్కులను కొని, భారమంతయు తన తలకెత్తుకొనెను. పేరు అతనికి దక్కినను మొదటి ఊహ ఆ యిరువురిదని మనము మరువరాదు.

1887 జనవరి 8వ తేదీన ఒడంబడిక జరిగెను. ప్రభుత్వమువారిచ్చినది 15 లక్షల ఫ్రాంకులు మాత్రమే. అంచనా వ్యయము 65 లక్షలు. మిగిలినది ఐఫెల్ సమకూర్చుకొనవలెను. అందుకు ప్రతిగా 20 సంవత్సరములు గోపురముపై ఆదాయము అతనిది.

పునాదులు త్రవ్వుట మొదలై మూడు వారములైనను కాకమున్నే, ఫిబ్రవరి 14వ తేదీన ఒక దినపత్రికలో తీవ్రమైన నిరసనలేఖ వెలువడెను. సంగీతకర్త గూనో, పారిసు నాటకశాలను నిర్మించిన గార్నియే, కథకుడు మోపాసా మున్నగు ప్రసిద్ధులు అందు చేవ్రాలు చేసిరి. ఇది నిష్ప్రయోజనమైన వికారరూపమనియు, తమ పూర్వులు కట్టిన సుందర మందిరములను చిన్నబుచ్చుననియు వారి అభియోగము. సమీపవాసులు గోపురము కూలి తమ యిండ్లపై పడునను భయముతో న్యాయస్థానమునకెక్కగా, కలుగు నష్టమునకు తానే పూచీయని ఐఫెల్ ఒప్పుకొనెను. కళావంతులకు అతడిచ్చిన ప్రత్యుత్తరము శాంతముగ నుండెను: గాలికి తాళుటకై లెక్కకట్టి వంచిన ఆ నాలుగు స్తంభముల వంపులయందే సౌందర్యమున్నదని అతని వాదము.

ఆ వాదమును పని నిజపరచవలసియుండెను. సీను నదికి దగ్గరగానున్న రెండు స్తంభముల పునాదులకొరకు ఇనుప పెట్టెలను నేలలోనికి దింపి, ఒత్తిడిగల గాలితో నీటిని వెలుపలికి నెట్టి, లోపల కూలీలు త్రవ్విరి. ఒకదానివైపొకటి వాలుచు లేచిన స్తంభములు వెంట్రుకవాసి తప్పకుండ కలియుటకై వాటి క్రింద ఇసుక నింపిన గొట్టములును, నీటి ఒత్తిడితో బరువునెత్తు యంత్రములును అమర్చిరి. ఇసుకను కొంచెము విడిచిన స్తంభము దిగును. యంత్రమును నడపిన లేచును. ఆ సంవత్సరము డిసెంబరునందు అవి కలిసెను. కర్మశాలలో ముందుగనే రంధ్రములు తొలిచి తెచ్చిన 18,038 ముక్కలు 25 లక్షల రివెట్లతో కూర్పబడెను. 1888లో కూలికై పనివారు సమ్మెకట్టిరి. అయినను పని నిలిచిపోలేదు. 1889 మార్చి 31వ తేదీన, ఎక్కుయంత్రములింకను సిద్ధముకానందున, ఐఫెల్ 1,710 మెట్లు నడిచియెక్కి శిఖరమున జెండా ఎగురవేసెను. ఆ ప్రదర్శనకాలమున ఇంచుమించు 20 లక్షలమంది గోపురము నెక్కిరి.

అతని జీవితమునందలి మచ్చను దాచుట న్యాయముకాదు. పనామా కాలువ సంఘము కూలిపోయి అసంఖ్యాకులైన చిన్న మదుపుదారులు నష్టపడినప్పుడు, ఆ కాలువ పనికి కంట్రాక్టు తీసికొనిన ఐఫెల్‌కు 1893లో రెండేండ్ల శిక్షయు జరిమానాయు విధింపబడెను. నేరారోపణ గడువు దాటినదను కారణమున పైన్యాయస్థానము దానిని కొట్టివేసెను. అతడు వ్యాపారమును విడిచి శాస్త్రపరిశోధనకు మరలెను.

ఇరువదియేండ్ల గడువు ముగియగనే గోపురమును విప్పివేయగల అధికారము నగరమునకుండెను. నిష్ప్రయోజనమన్న నిందకు ఇప్పుడతడు మాటలతోగాక ప్రయోజనముతోనే జవాబు చెప్పదలచెను. శిఖరమున వాతావరణ పరిశీలనము సాగించెను. పైనుండి వస్తువులను జారవిడిచి గాలి నిరోధమును కొలిచెను. 1909లో గోపురము పాదమువద్ద గాలిసొరంగమును నెలకొల్పెను. సైన్యమువారి నిస్తంత్రీ వార్తల ప్రయోగములకు గోపురమునిచ్చి స్వంత ధనము వెచ్చించెను. తత్ఫలితముగ 1910లో హక్కు మరి 70 ఏండ్లకు పొడిగింపబడెను. గోపురము నిలిచెను. ఐఫెల్ 1923 డిసెంబరు 27వ తేదీన తన 91వ యేట మరణించెను.

నిరసించినవారు మూర్ఖులు కారు. తమ తమ విద్యలయందు ఉద్దండులు. పని పూర్తికాకమున్నే తీర్పుచెప్పుటయే వారి లోపము. ఐఫెల్ వారిని దూషింపక, లెక్క తప్పకుండ పనిచేసి, ఆ పని లోకమునకు ఉపయోగపడువరకు విడువలేదు. పటములో ఆ గోపురమును మరల చూచునపుడు మన బాలబాలికలు దాని ఎత్తుతోపాటు, అది నిలుచుటకై ఒక మనుష్యుడు ఇరువదియేండ్లకు పైగా పడిన పాటును గూడ తలచుకొందురుగాక.