కాటన్ దొర రాళ్లబండ్లు

బెజవాడయొద్ద కృష్ణానది రెండు కొండల నడుమ ప్రవహించును. ఒకదెస ఇంద్రకీలాద్రి, వేఱొకదెస సీతానగరపు కొండ. ఒకప్పుడు ఈ నీరెల్ల వృథాగా సముద్రము పాలగుచుండెను. అట్టి నది చెంతనే నందన కరువు సంభవించెను. 1833 ప్రాంతమున గుంటూరు సీమలోని అయిదులక్షల జనులలో సుమారు రెండులక్షలమంది మడిసిరి. ప్రజలు దానిని డొక్కల కరువనిరి.

ఇట్టి కరువులకు నదీజలమే మందని నమ్మినవాడు ఆర్థర్ కాటన్. ఆయన 1803లో ఇంగ్లండున జన్మించి, 1821లో సైనిక ఇంజనీరుగా మదరాసునకు వచ్చెను. 1836లో కావేరి పాయయగు కొల్లడముపై ఆనకట్టలు కట్టించెను.

ఆనకట్టలకు పేరొందిన ఈయన పట్టాలు పఱపించుటలోను ముందువాడే. 1837లో రెడ్ హిల్స్ నుండి మదరాసులోని చింతాద్రిపేట వఱకు ఒక చిన్న ఇనుపదారి వెలసెను. బాటలు వేయుటకు వలయు రాళ్లే దానిపై ప్రయాణికులు! బండ్లను చాలవఱకు పశువులే లాగెడివి. బొంబాయి, ఠాణాల నడుమ జనులెక్కిన రైలు నడచుటకు ఇది పదియాఱేండ్లు ముందు.

1847లో గోదావరి ఆనకట్ట ఆరంభమైనపుడు ఈ యుపాయమే అక్కఱకు వచ్చెను. రాయి ధవళేశ్వరపు కొండలో నున్నది, కావలసినది నదిలో. వరద వచ్చులోపల పని సాగకున్నచో కట్టినదియు కొట్టుకొనిపోవును. కావున కొండనుండి ఏటియొడ్డునకు పట్టాలు వేయించి, రాళ్లను బండ్లపై చేర్పించెను. మండుటెండలో ఆ బండ్లను నింపిన వేలకొలది కూలీల పేర్లు చరిత్ర కెక్కలేదు. కాటన్ దేహము సైతము ఆ యెండకు తాళలేదు. 1848లో జబ్బుపడి, పనిని కెప్టెన్ ఆర్ కప్పగించి ఆస్ట్రేలియా వెళ్లెను, 1850లో తిరిగివచ్చెను. 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను.

కాటన్ బలపఱచిన కృష్ణ ఆనకట్టను ఆ ఆర్ దొరయే 1852లో ఆరంభించి 1855లో ముగించెను. కాలువలలో నీటితోపాటు పడవలును సాగినవి. ఏలూరు కాలువమీదుగా కృష్ణాతీరపు సరకు గోదావరి సీమకు చేరుచుండెను.

ఇచటనే ఒక వింత కలదు. పట్టాలు వేయించిన కాటనే, దేశమునకు రైలుకన్న పడవ చౌకయనియు, కాలువ దాహమును తీర్చి సరకును మోయుననియు వాదించెను. 1878లో బ్రిటిషు పార్లమెంటు సంఘము ఎదుటను ఆ వాదమునే వినిపించెను, అది నెగ్గలేదు. 1893లో బెజవాడయొద్ద కృష్ణపై రైలువంతెన నిలిచెను. అప్పటికి కాటన్ తొంబదేండ్ల వృద్ధు. ఆఱేండ్లకు, 1899లో, ఇంగ్లండున కన్నుమూసెను. ఆయననాటి కృష్ణ ఆనకట్టకు బదులుగా 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినది. నీరు మాత్రము ఆ కాలువలలోనే పాఱుచున్నది.