కపాలం తెరవకుండా మెదడును చూపిన రైతుబిడ్డ

బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు ముందుగా రాసిచ్చేది స్కానింగు. పట్నంలో తీస్తారు గనుక దాన్ని సిటీ స్కాన్ అనుకునేవారూ లేకపోలేదు. అసలు మాట సీటీ. కంప్యూటెడ్ టోమోగ్రఫీ అన్న పేరుకు పొడి అక్షరాలవి. ఆ యంత్రాన్ని తయారు చేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ వైద్యం చదవలేదు, యూనివర్సిటీ పట్టా పుచ్చుకోలేదు. ఇంగ్లండులో ఒక రైతు ఇంట, నూర్పిడి యంత్రాల మధ్య పెరిగిన మనిషి.

ఆయన 1919 ఆగస్టు 28న నాటింగ్‌హామ్‌షైర్‌లోని న్యూవార్క్‌లో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో అందరికంటే చిన్నవాడు. అన్నలూ అక్కలూ తమ ఆటల్లోకి ఈ చిన్నవాణ్ణి అంతగా రానిచ్చేవారు కారు. అదే ఆయనకు కలిసివచ్చింది. పొలంలో ఉన్న కోత యంత్రాలు, నూర్పిడి యంత్రాలు, కరెంటు పుట్టించే జనరేటర్లు ఆయన ఆటవస్తువులయ్యాయి. సొంతంగా రెక్కలు కట్టుకుని గడ్డివామి మీద నుంచి దూకాడు. తారు పీపాల్లో నీళ్ళు పోసి, ఎసిటిలీన్ గ్యాసు మండించి, అవి ఎంత ఎత్తు ఎగురుతాయో చూశాడు. ప్రాణం దక్కింది గనుక ఇప్పుడు చెప్పుకోవడానికి బాగానే ఉంది. బడిలో మాత్రం లెక్కలు, భౌతికశాస్త్రం తప్ప మిగతావి ఆయనకు పెద్దగా అబ్బలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరి రాడార్ పని నేర్చుకున్నాడు. తరువాత ఇతరులకు నేర్పాడు. ఆ పనితనం చూసిన ఒక పై అధికారి సాయంతో యుద్ధం ముగిశాక లండన్‌లోని ఫారడే హౌస్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిప్లొమా చదివాడు. 1951లో ఇ.ఎం.ఐ. కంపెనీలో ఉద్యోగం దొరికింది. గ్రామఫోను రికార్డులకు పేరుపడిన కంపెనీ అది. 1958 ప్రాంతంలో అక్కడే ట్రాన్సిస్టర్లతో నడిచే కంప్యూటర్ తయారీకి నాయకత్వం వహించాడు. ఆ తరువాత చేపట్టిన మరో పని లాభసాటి కాదని మధ్యలో ఆపేశారు. ఏం చేద్దామనుకుంటున్నావో నువ్వే ఆలోచించుకోమని కంపెనీ ఆయనకు వ్యవధి ఇచ్చింది. ఆ పని ఆగకపోయి ఉంటే తరువాతి కథ ఎలా ఉండేదో!

ఎక్స్‌రే 1895 నుంచీ ఉన్నదే. విరిగిన ఎముకను చక్కగా చూపుతుంది. కాని మెదడు మెత్తని పదార్థం. చుట్టూ గట్టి కపాలం. ఎక్స్‌రే ఫిలిం మీద కపాలం నీడ పడుతుందే తప్ప లోపలి గడ్డ కనబడదు. అందుకని అప్పటి డాక్టర్లు రోగి వెన్నులోంచి నీరు తీసి, దాని బదులు గాలి ఎక్కించి ఫొటో తీసేవారు. ఆ గాలి మెదడులోని ఖాళీల్లోకి చేరితే వాటి ఆకారాన్ని బట్టి గడ్డ ఎక్కడుందో ఊహించేవారు. రోగికి భరించలేని తలనొప్పి, వాంతులు. లేదంటే మెడ దగ్గర రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేవారు. అదీ ప్రమాదమే. ఇంత చేసినా తల తెరిచాకగాని అసలు సంగతి తెలియని సందర్భాలుండేవి.

1967లో హౌన్స్‌ఫీల్డ్‌కు తోచిన ఆలోచన రైతుకు ఇట్టే అర్థమవుతుంది. ఒక చేను చిన్న చిన్న మళ్ళుగా ఉందనుకుందాం. ఏ మడిలో ఎంత పండిందో తెలియదు. నిలువు వరుసకు మొత్తం ఎంత, అడ్డు వరుసకు ఎంత, మూలకు మూల ఎంత అన్న లెక్కలు మాత్రం చేతిలో ఉన్నాయి. అటువంటి మొత్తాలు చాలినన్ని ఉంటే కూర్చుని లెక్క కడితే ప్రతి మడి పంటా తేలుతుంది. తలనూ అలాగే చూడవచ్చునని ఆయన అనుకున్నాడు. సన్నని ఎక్స్‌రే కిరణాన్ని అన్ని వైపుల నుంచీ పంపి, అటువైపు ఎంత బయటపడిందో కొలవాలి. కొలతలన్నీ కంప్యూటర్‌కు ఇస్తే లోపల ఎక్కడ ఏముందో బొమ్మ గీసి పెడుతుంది.

మొదటి ప్రయోగానికి పెద్ద సరంజామా ఏమీ లేదు. పాత లేతు యంత్రం దిమ్మ మీద వస్తువును పెట్టి కొంచెం కొంచెంగా జరుపుతూ, తిప్పుతూ, ఒక రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే కిరణాలతో కొలిచాడు. 28,000 కొలతలు తీయడానికి 9 రోజులు పట్టింది. లెక్క కట్టడానికి కంప్యూటర్‌కు రెండున్నర గంటలు. ఎక్స్‌రే గొట్టం అమర్చాక 9 రోజుల పని 9 గంటలకు దిగింది.

మందులో నిలవ ఉంచిన మనిషి మెదడు మీద బొమ్మ బాగానే వచ్చింది. అయితే ఆ మందే మెదడులోని తేడాలను ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిందని తరువాత తెలిసింది. ఇక తాజా మెదడు కావాలి. ఎద్దు మెదళ్ళు తెప్పించారు. తల మీద కొట్టి చంపిన పశువుల మెదడులో నెత్తురు చిమ్మి ఉండటంతో, యూదులు తమ ఆచారం ప్రకారం కోసే చోటి నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. వాటిని సంచిలో వేసుకుని ఆయన లండన్‌లో నలుగురూ ఎక్కే బండ్లలోనే తిరిగేవాడు. పక్కన కూర్చున్నవారికి ఆ సంచిలో ఏముందో తెలిసి ఉండదు!

ఈ మాటలన్నీ విన్న ఒక పేరున్న ఎక్స్‌రే నిపుణుడు ఆయన్ను పిచ్చివాడి కింద జమకట్టాడు. ప్రభుత్వ ఆరోగ్యశాఖ అధికారులు మాత్రం వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రికి పంపారు. అక్కడి డాక్టర్ జేమ్స్ ఆంబ్రోస్‌కు కూడా మొదట్లో ఈ మితభాషితో మాట కలపడం కష్టమైంది. ఒక సీసాలోని మెదడును ఇచ్చి పంపాడు. కొన్ని వారాలకు హౌన్స్‌ఫీల్డ్ తెచ్చిన బొమ్మ చూసి ఆంబ్రోస్ నిర్ఘాంతపోయాడు. అప్పటి నుంచి ఇద్దరూ ఒక జట్టు.

1971 అక్టోబరు 1న ఆ ఆసుపత్రిలో 41 ఏళ్ళ స్త్రీని యంత్రంలో పడుకోబెట్టారు. మెదడు ముందుభాగంలో గడ్డ ఉందేమోనని డాక్టర్ల అనుమానం. ఆసుపత్రిలో కంప్యూటర్ లేదు. కొలతలున్న టేపును లండన్ అవతలి వైపున ఉన్న కంపెనీకి పంపి బొమ్మ తయారు చేయించారు. ఎడమవైపు ముందుభాగంలో గుండ్రంగా నల్లని నీటితిత్తి స్పష్టంగా కనబడింది. శస్త్రచికిత్స చేసిన డాక్టరుకు లోపల సరిగ్గా ఆ బొమ్మలో ఉన్నట్టే అగుపించింది. ఆ రోజు వరకు అనుమానంగా ఉన్న వ్యవహారం ఆ ఒక్క బొమ్మతో తేలిపోయింది.

1972 ఏప్రిల్‌లో వైద్యుల సభలో సంగతి ప్రకటించారు. 1973లో అమెరికాలోని మేయో క్లినిక్ కూడా ఈ యంత్రాన్ని తెప్పించుకుంది. మొదట్లో తలకు మాత్రమే పనికివచ్చిన యంత్రం కొద్ది ఏళ్ళలోనే శరీరమంతటికీ వచ్చింది. బీటిల్స్ పాటల రికార్డులు అమ్మిన సొమ్ముతోనే ఇదంతా జరిగిందని ఒక కథ ప్రచారంలో ఉంది. లెక్కలు తిరగేసినవారు తేల్చినది వేరు. తొలి యంత్రాల ఖర్చులో కంపెనీ కంటే బ్రిటిష్ ఆరోగ్యశాఖ పెట్టినదే ఎక్కువ. అంటే పన్ను కట్టిన ప్రజల సొమ్ము.

1979లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని హౌన్స్‌ఫీల్డ్‌కు, అలన్ కోర్మాక్‌కు కలిపి ఇచ్చారు. కోర్మాక్ దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఇదే లెక్కను 1963, 1964లలోనే వేరుగా సాధించి ప్రచురించాడు. అప్పుడు దాన్ని పట్టించుకున్నవారు బహు కొద్దిమంది. మంచుకొండలు విరిగిపడటం మీద పరిశోధించే స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి ప్రతి పంపమని రాసింది. బహుమతి వైద్యానికే అయినా ఇద్దరిలో ఎవరూ వైద్యులు కారు, ఎవరికీ డాక్టరేటు లేదు.

1981లో సర్ బిరుదు వచ్చింది. హౌన్స్‌ఫీల్డ్ పెళ్ళి చేసుకోలేదు. చాలాకాలం స్థిరమైన ఇల్లంటూ కూడా లేదు. కొండల్లో కాలినడకన తిరగడం, పియానో వాయించడం ఆయన సరదాలు. 2004 ఆగస్టు 12న, 84వ ఏట కన్నుమూశాడు.

స్కానింగు రిపోర్టుల్లో ఒక్కోసారి అంకె పక్కన హెచ్.యు. అని రెండక్షరాలుంటాయి. హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అని అర్థం. నీటికి సున్న, గాలికి మైనస్ 1000. మెదడులో చిమ్మిన కొత్త నెత్తురు మెదడు పదార్థం కంటే ఎక్కువ అంకె చూపి ఫిలిం మీద తెల్లగా కనబడుతుంది. తలకు దెబ్బ తగిలినవారి ఫిలింలో డాక్టరు మొట్టమొదట వెతికేది ఆ తెల్లని మచ్చనే.