గోదావరిని మరువని హాస్యనటుడు రాజబాబు

తెరపై కనిపిస్తే చాలు, ఇంకా మాట కూడా మాట్లాడక ముందే ప్రేక్షకులు నవ్వేసేవారు. 1970వ దశకంలో రాజబాబు లేని తెలుగు సినిమా అరుదు. రమాప్రభతో ఆయన జోడీకి విశేష ఆదరణ లభించింది. అంతటి నటుడు, ఈ ఆదరణ ఎంతకాలమన్న ప్రశ్నను మాత్రం నవ్వుతో దాటవేయలేదు.

అసలు పేరు పుణ్యమూర్తుల అప్పలరాజు. జన్మస్థలం రాజమహేంద్రవరం. ఉపాధ్యాయ శిక్షణ పొంది కొంతకాలం తెలుగు బోధించారు. నాటకాలు మాత్రం వదలలేదు. ఒక ప్రదర్శనలో ఆయన నటన చూసిన గరికపాటి రాజారావు, సినిమాల్లో ప్రయత్నించమని ప్రోత్సహించారు. ప్రజానాట్యమండలి సారథిగా, 'పుట్టిల్లు' (1953) దర్శకుడిగా పేరున్న రాజారావు మాట ఆ యువకుడికి కొండంత ధైర్యమైంది.

కోస్తా జిల్లాలకు వలస కొత్తకాదు. ముందుతరాల వారు పొట్ట చేతపట్టుకొని రంగూనుకు, కలకత్తా సమీపంలోని బడ్జ్ బడ్జ్ వంటి జనపనార మిల్లుల ఊళ్లకు వెళ్లారు. 1960లో అప్పలరాజు మద్రాసు చేరారు. అక్కడ పస్తులు తప్పలేదు. పిల్లలకు పాఠాలు చెప్పి రోజులు గడిపారు. ఆ పిల్లల తండ్రి, దర్శకుడు అడ్డాల నారాయణరావు 'సమాజం' (1960) చిత్రంలో తొలి అవకాశం ఇచ్చారు. 'స్వర్ణగౌరి'కి అందుకున్న పారితోషికం 350 రూపాయలు.

అక్కడి నుంచి ఎదుగుదల వేగంగా సాగింది. 'తాతా మనవడు'లో ఎస్.వి.రంగారావుకు మనవడిగా నటించి, హాస్యనటుడు కథాభారాన్ని మోయగలడని నిరూపించారు. తర్వాత సొంతంగా 'ఎవరికి వారే యమునా తీరే' (1974), 'మనిషి రోడ్డున పడ్డాడు' (1976) నిర్మించారు. ఈ రెండు పేర్లూ గమనించదగినవి. నవ్వించడమే వృత్తిగా గల వ్యక్తి తన డబ్బు పెట్టి తీసిన చిత్రాలకు ఒంటరితనాన్ని, పతనాన్ని స్ఫురింపజేసే పేర్లు పెట్టడం యాదృచ్ఛికం అనిపించదు.

ఆయన ఆనందం వెతుక్కున్న చోటు వేరు. ఏటా పుట్టినరోజున ఒక సీనియర్ కళాకారుడిని ఆహ్వానించి సత్కరించేవారు. తొలి సత్కారం బాలకృష్ణకు దక్కింది. 'పాతాళభైరవి' (1951)లో అంజిగాడిగా ఊరూరా నవ్వులు పూయించిన ఆ నటుడే రాజబాబుకు స్ఫూర్తి. తర్వాతి కాలంలో రేలంగి, సూర్యకాంతం, సావిత్రి వంటి వారు ఆ వేదికపై గౌరవం అందుకున్నారు. చిత్రసీమ మరచిపోతున్న వారిని ఒక సంస్థ కాదు, తీరిక లేని ఒక హాస్యనటుడు గుర్తుపెట్టుకున్నారు.

సంపాదనలో కొంత భాగం సొంతగడ్డకు చేరింది. రాజమహేంద్రవరంలో పారిశుద్ధ్య కార్మికులకు, రిక్షా కార్మికులకు స్థలం ఇచ్చారు. సమీపంలోని కోరుకొండలో జూనియర్ కళాశాల నిర్మాణానికి తోడ్పడ్డారు. ఒకప్పటి తెలుగు పంతులు చదువుకు తీర్చుకున్న రుణం అది. తమ్ముళ్లు చిట్టిబాబు, అనంత్ కూడా హాస్యనటులుగా స్థిరపడ్డారు.

1983లో, యాభై ఏళ్లు నిండకుండానే రాజబాబు కన్నుమూశారు. కోరుకొండ కళాశాలకు ఆయన పేరే పెట్టారు.