డోర్ రబ్బరు వెనక ఒక అప్పుల మనిషి

డాట్సన్ 240జెడ్ అనే పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఒక తలనొప్పి ఉంది. 1969లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చి, అమెరికాలో 240జెడ్‌గా అమ్ముడైన ఈ రెండు సీట్ల కారుకి వెనక పెద్ద హ్యాచ్ డోర్ ఉంటుంది. దాని చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, పగిలి, అణిగిపోతుంది. వాన నీళ్లు లోపలికి కారడం సరే, దానికంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. కారు స్పీడ్‌గా వెళ్తున్నప్పుడు వెనక ఏర్పడే గాలి సుడి సైలెన్సర్ పొగని పైకి లాగుతుంది, ఆ సందుల్లోంచి పొగ క్యాబిన్‌లోకి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అంటే ఒక రబ్బరు ముక్క పాడైతే మనిషి ప్రాణం మీదకి వస్తుందన్నమాట.

పాత కార్లు బాగుచేసే వీడియోలు చూడటం నాకు పిచ్చి. ఇంజన్ గురించి, కార్బ్యురేటర్ గురించి గంటలు గంటలు చెప్తారు. బీడింగ్ దగ్గరికి వచ్చేసరికి పాతది పీకి కొత్తది అతికించి వెళ్లిపోతారు. అసలు ఈ రబ్బరు ఎండకి కరగకుండా, చలికి విరక్కుండా ఎలా ఉంటోంది అని వెతుకుతూ పోతే నేను చేరింది చార్లెస్ గుడ్‌ఇయర్ దగ్గరికి. గుడ్‌ఇయర్ అనగానే మనకి టైర్ల కంపెనీ గుర్తొస్తుంది. కానీ ఆ కంపెనీకీ ఈయనకీ చుట్టరికం లేదు. ఈయన చనిపోయిన 38 ఏళ్లకి, 1898లో, ఆయన మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారు అంతే.

చార్లెస్ 1800 డిసెంబర్ 29న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూ హేవెన్‌లో పుట్టాడు. తండ్రి అమాసాది ఇనుప సామాన్ల వ్యాపారం. చార్లెస్ కూడా ఫిలడెల్ఫియాలో హార్డ్‌వేర్ షాపు పెట్టాడు. అరువు మీద సరుకు అమ్మడం, ఆ డబ్బులు తిరిగి రాకపోవడం, ఆరోగ్యం దెబ్బతినడం అన్నీ కలిసి 1830 నాటికి వ్యాపారం మునిగింది. ఆ రోజుల్లో అప్పు తీర్చకపోతే జైల్లో వేసేవాళ్లు. అక్కణ్ణుంచి చచ్చేదాకా ఆయన జీవితంలో జైలు వచ్చిపోతూనే ఉంది.

1834లో న్యూయార్క్‌లో ఒక రబ్బరు సరుకుల షాపులో నీళ్లలో తేలే ప్రాణరక్షక తొడుగు చూశాడు. దాని వాల్వ్ బాగాలేదనిపించింది. ఇంకా మంచి వాల్వ్ చేసి తీసుకెళ్లాడు. కానీ షాపువాళ్లు చెప్పిన సమస్య వేరు. వాల్వ్ సంగతి తర్వాత, అసలు రబ్బరే నిలబడట్లేదు. అప్పటి రబ్బరు బూట్లు, కోట్లు ఎండాకాలంలో జిగురుగా కరిగి కంపు కొట్టేవి, చలికాలంలో గాజులా విరిగేవి. కొన్నవాళ్లంతా వెనక్కి తెచ్చి పడేస్తున్నారు. రబ్బరు కంపెనీలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి.

చార్లెస్‌కి కెమిస్ట్రీ రాదు, చేతిలో డబ్బుల్లేవు. ఫిలడెల్ఫియాకి తిరిగి వెళ్లగానే మళ్లీ అప్పుల జైలు. అక్కడే కూర్చుని, భార్య క్లరిస్సా తెచ్చిచ్చిన అప్పడాల కర్రతో రబ్బరు పిసుకుతూ ప్రయోగాలు మొదలుపెట్టాడు. మెగ్నీషియా కలిపాడు, సున్నం కలిపాడు, నైట్రిక్ యాసిడ్‌తో కడిగాడు. యాసిడ్‌తో పైపొర కొంచెం బాగుపడింది కానీ ఆ ఆవిర్లు పీల్చి ఒకసారి చావు దాకా వెళ్లొచ్చాడు. 1837లో దేశమంతా ఆర్థిక సంక్షోభం వచ్చి పెట్టుబడి పెట్టినవాళ్లు కూడా మునిగిపోయారు. తర్వాత ప్రభుత్వం నుంచి పోస్టల్ సంచులకి ఆర్డర్ దొరికింది. గర్వంగా తయారుచేశాడు. వేడికి అవి కూడా సాగి, జిగురై పాడయ్యాయి.

ఈ మధ్యలోనే నథానియల్ హేవర్డ్ అనే అతను పరిచయమయ్యాడు. రబ్బరుకి గంధకం పూసి ఎండలో పెడితే జిగురు తగ్గుతుందని కనిపెట్టింది హేవర్డే. చార్లెస్ ఆ పేటెంట్ కొనుక్కున్నాడు. 1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో, గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాలే పొయ్యికి తగిలింది. ఎలా తగిలిందనే దాని మీద రకరకాల కథలు ఉన్నాయి. ఏదైతేనేం, అది కరగలేదు, తోలులాగ మాడింది. మాడిన చోటికీ మామూలు చోటికీ మధ్య అంచులో మాత్రం సరిగ్గా ఆయనకి కావలసిన పదార్థం ఉంది. సాగుతోంది, మళ్లీ తన ఆకారానికి వస్తోంది, చలిలో పెట్టినా బిగుసుకోవట్లేదు.

చాలా చోట్ల ఈ కథ ఇక్కడితో అయిపోతుంది. ఒక యాక్సిడెంట్, ఒక ఆవిష్కరణ, శుభం. నిజానికి కష్టం ఇక్కడే మొదలైంది. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేలాలి. తక్కువైతే జిగురు, ఎక్కువైతే బొగ్గు. సరైన లెక్క దొరకడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. వంటింటి ఓవెన్ ఖాళీ దొరికినప్పుడల్లా, తెలిసినవాళ్ల ఫ్యాక్టరీల్లో ఆవిరి దొరికినప్పుడల్లా ప్రయోగమే. ఇంట్లో సామాన్లు తాకట్టుకి వెళ్లాయి. కుటుంబం ఇరుగుపొరుగు ఇచ్చిన దాంతో బతికిన రోజులున్నాయి. పిల్లల్లో పలువురు చిన్నతనంలోనే చనిపోయారు.

చివరికి 1844 జూన్ 15న అమెరికా పేటెంట్ 3633 ఆయన పేరు మీద వచ్చింది. కానీ అప్పటికే ఇంగ్లండ్‌లో నష్టం జరిగిపోయింది. ఆయన రబ్బరు శాంపిల్స్ అక్కడికి చేరి థామస్ హాంకాక్ చేతికి వచ్చాయి. పైన మెరిసే గంధకం పొడి చూసి హాంకాక్ సొంతంగా ప్రయోగాలు చేసి, చార్లెస్ కంటే కొన్ని వారాల ముందు, 1843లో అక్కడ పేటెంట్‌కి అప్లై చేసేశాడు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద వల్కనైజేషన్ అనే పదం కూడా హాంకాక్ స్నేహితుడు పెట్టిందే. సొంత దేశంలోనూ పేటెంట్ కాపాడుకోవడానికి కోర్టుల చుట్టూ తిరగాల్సొచ్చింది. 1852లో ట్రెంటన్‌లో జరిగిన పెద్ద కేసులో చార్లెస్ తరఫున వాదించింది డేనియల్ వెబ్‌స్టర్. అప్పుడాయన దేశ విదేశాంగ మంత్రి. కేసు గెలిచారు. డబ్బు మాత్రం మిగల్లేదు.

మిగిలే అలవాటు కూడా ఆయనకి లేదు. 1851 లండన్ ఎగ్జిబిషన్‌లో గోడలు, కుర్చీలతో సహా అంతా రబ్బరుతోనే అప్పులు చేసి పెవిలియన్ కట్టాడు. 1853లో క్లరిస్సా చనిపోయింది. 1855లో ప్యారిస్ ఎగ్జిబిషన్ అప్పులకి మళ్లీ జైలుకెళ్లాడు. ఫ్రాన్స్ ఇచ్చిన లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ఆయన జైల్లో ఉండగానే వచ్చింది. 1860లో కూతురు చావుబతుకుల్లో ఉందని తెలిసి బయల్దేరాడు. న్యూయార్క్ చేరేసరికి ఆమె పోయిందన్న కబురు అందింది. జూలై 1న అక్కడే కన్నుమూశాడు. మిగిలిన అప్పు సుమారు 2,00,000 డాలర్లు. మొదటి పెట్రోలు కారు రోడ్డెక్కడానికి ఇంకా పాతికేళ్లుంది.

గంధకం చేసిన పనేంటో ఆయనకి కూడా తెలీదు. పచ్చి రబ్బరులో పొడవాటి అణు గొలుసులు విడివిడిగా జారిపోతుంటాయి. వేడి చేస్తే గంధకం వాటి మధ్య వంతెనలు కడుతుంది. మన భాషలో చెప్పాలంటే బోలెడన్ని లింక్డ్ లిస్టులు కలిసి ఒక నెట్‌వర్క్ అయిపోతాయి. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. తలుపు వేసినప్పుడు బీడింగ్ నలిగి, మళ్లీ ఉబ్బి సందు మూసేది ఇందుకే. కానీ సహజ రబ్బరు గొలుసులో డబుల్ బాండ్లు మిగిలే ఉంటాయి. గాలిలోని ఓజోన్ వాటినే కొరుకుతుంది. పాత బీడింగ్ మీద కనిపించే సన్నటి పగుళ్లు చాలావరకు దాని పనే. ఇప్పటి బీడింగులు ఎక్కువగా ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరువి. వాటి ప్రధాన గొలుసులో డబుల్ బాండ్లు ఉండవు కాబట్టి ఓజోన్‌కి దొరకవు.

మార్చడం చూడ్డానికి సులువే, ఓపిక మాత్రం కావాలి. పాత రబ్బరు పీకాక కిందున్న ఎండు జిగురంతా సాల్వెంట్‌తో తుడవాలి. తుప్పు కనిపిస్తే ముందు దాని పని చూడాలి. జిగురు రాయకముందు ఒకసారి ఉత్తినే అమర్చి చూసుకోవాలి. మూలల దగ్గర లాగి సాగదీయకూడదు, అది తర్వాత మళ్లీ కుదించుకుని సందు ఇస్తుంది. 240జెడ్‌కి బయట దొరికే కొత్త డోర్ రబ్బరు మరీ మందంగా ఉండి తలుపు పడదని చాలామంది తిట్టుకుంటారు. కొన్నాళ్లు మూసి ఉంచితే కొంత అణుగుతుంది, లేకపోతే వేరేది వెతుక్కోవాల్సిందే.

గుడ్‌ఇయర్ కథని స్టార్టప్ స్పీచుల్లో పట్టుదలకి ఉదాహరణగా చెప్తుంటారు. పట్టుదల నిజమే, నేను కాదనను. కానీ ఆ పట్టుదల ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో కూడా చెప్పాలి కదా. జైలుకి అప్పడాల కర్ర మోసుకెళ్లిన క్లరిస్సా పేరు ఏ పేటెంట్ మీదా లేదు. వంటింటి పొయ్యి మీద రబ్బరు కాలుతున్న వాసనలో పిల్లల్ని పెంచింది ఆవిడే. ఆయన గొప్పవాడని ఒప్పుకుంటూనే, ఆవిడ ఒప్పుకుందా అని ఎవరూ అడగలేదు అనిపిస్తుంది నాకు. ఈసారి వానలో కారెక్కి తలుపు వేసుకున్నప్పుడు, లోపలికి చుక్క నీరు రాకపోతే, ఆ ఇద్దర్నీ కలిపి తలుచుకోండి.