రాయబారి నవాబు అలీ యావర్ జంగు

హైదరాబాదు నగరమున మూసీనది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో నిలిచియున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమును ఎరుగని గ్రంథాలయాభిమాని ఉండడు. ఆసఫియా గ్రంథాలయమను పేర అది 1891వ సంవత్సరమున వెలసెను. దానిని నెలకొల్పినవారు నిజాము ప్రభుత్వమున విద్యాశాఖను నడపిన సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ గారు. ఆ పండితుని దౌహిత్రుడే తరువాతి కాలమున స్వతంత్ర భారతమునకు ఐదు దేశములలో రాయబారిగా పనిచేసిన నవాబు అలీ యావర్ జంగు గారు.

వీరు 1906లో జన్మించిరి. తండ్రి ఖదీవ్ జంగు గారు నిజాము కొలువులోని ఉన్నతోద్యోగి. జంగు అనునది ఆసఫ్‌జాహీ ప్రభువులు తమ కొలువులోని ప్రముఖులకు ఇచ్చెడి బిరుదము. ఆ మాటకు యుద్ధమని అర్థము. ఆ బిరుదు ధరించిన ఈ నవాబు తన జీవితమంతయు కత్తి పట్టక, మాట పట్టుకొనియే గడపెను.

ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చరిత్ర చదివి, తిరిగివచ్చి ఉస్మానియాలో చరిత్ర, రాజనీతి శాస్త్రములు బోధించిరి. పిమ్మట ప్రభుత్వ కార్యదర్శి పదవులలో పలు సంవత్సరములు పనిచేసిరి. 1945లో ఉస్మానియా వైస్‌చాన్సలరైరి. ఏడాది తిరుగకమునుపే నిజాము మంత్రివర్గములో చేరవలసివచ్చెను. వీరికి అప్పగింపబడినది రాజ్యాంగ వ్యవహారముల శాఖ. ఆ శాఖ ఎంతటి చిక్కు ముడియో 1947 జూన్ మాసమున అందరికిని తెలిసివచ్చెను.

ఆంగ్లేయులు వెడలిపోవుట నిశ్చయమైనది. సంస్థానములు భారతదేశమందో పాకిస్తానమందో చేరవలెను. నిజాము మాత్రము తాను స్వతంత్రుడనై ఉందునని ప్రకటించెను. నాలుగు ప్రక్కల భారత భూభాగమే ఆవరించియున్న రాజ్యమునకు, ప్రజలలో అత్యధికులు భారతదేశముతో కలియగోరుచున్న రాజ్యమునకు, ఇది సాధ్యమగునా? ప్రధాని ఛత్తారీ నవాబు నాయకత్వమున ఒక బృందము 1947 జూలైలో మౌంట్‌బాటెన్ ప్రభువుతో మాటలాడుటకు ఢిల్లీకి వెళ్ళెను. అందులో అలీ యావర్ జంగు గారును ఒకరు. భారతదేశముతో రాజీయే హైదరాబాదునకు క్షేమకరమని తలచిన వర్గమునకు వీరు చెందిరి. మజ్లిస్ ఇత్తెహాదు పక్షమునకు, దాని నాయకుడు కాశిం రజ్వీకి, ఆ మాట కంటగింపయ్యెను. 1947 అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున, ఒడంబడిక పత్రముతో ఢిల్లీకి బయలుదేరవలసిన బృందములోని పెద్దల ఇండ్లను వేలాది జనము చుట్టుముట్టి వారిని గడప దాటనీయలేదు. రాయబారము ఇంటి వాకిటనే ఆగిపోయెను. ఆ సంవత్సరముననే అలీ యావర్ జంగు గారు మంత్రిపదవిని వదలుకొనిరి. అనంతరము కథ నిజామాబాదు జిల్లాలోని పెద్దలకు ఒకరు చెప్పవలసినది కాదు. రజాకార్ల దౌర్జన్యములు, ఇందూరు కోట జైలులో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి వంటి వారి నిర్బంధము, 1948 సెప్టెంబరు 13 నుండి జరిగిన పోలీసు చర్య.

ఇచ్చట ఒక సందేహము కలుగుట సహజము. జైలు గోడల నడుమ మగ్గినవారి ప్రక్కన, నిజాము మంత్రిగా ఉండిన ఒక నవాబును గూర్చి గౌరవముతో వ్రాయుట తగునా యని. దొరల పాలన కింద నలిగిన రైతు కంటికి ఆ కొలువులోని వారందరును ఒక్కటే. ఆ బాధ అబద్ధము కాదు. అయినను, ప్రభువునకు రుచించని మాట కొలువులోనే ఉండి చెప్పుట, అది చెల్లనప్పుడు పదవి విడుచుట కూడ తేలిక పని కాదు. ఆ కొలువు తెలివితక్కువతనమును, భ్రమలను వీరే తరువాత హైదరాబాదు ఇన్ రెట్రాస్పెక్ట్ అను చిన్న పుస్తకమున వివరించిరి.

పోలీసు చర్య తరువాత 1948లో ఉస్మానియా వైస్‌చాన్సలరు పదవి మరల వీరినే వరించెను. అది పూలబాట కాదు. 1918లో ఉర్దూ బోధనాభాషగా ప్రారంభమైన విశ్వవిద్యాలయమది. రెంజల్, బోధన్ ప్రాంతముల నుండి పై చదువులకు వెళ్ళదలచిన తెలుగు బాలుడు మొదట ఉర్దూ గట్టెక్కవలసినదే. వీరి పాలనలో ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చెను. తెలుగునకు ఆ పీఠము అప్పటికిని దక్కలేదు. ఈ మార్పు వలన ఉర్దూ అభిమానులు నొచ్చుకొనిరి, కాని దేశమందలి తక్కిన విశ్వవిద్యాలయములతో ఉస్మానియాకు పొత్తు కుదిరెను. 1952 వరకు వీరు అచ్చటనే ఉండిరి.

రాయబారము అనగానే మన పల్లెలలో శ్రీకృష్ణ రాయబార నాటకము జ్ఞప్తికి వచ్చును. హార్మోనియము శ్రుతిలో కృష్ణుడు కౌరవసభలో పద్యము లెత్తుకొనును, తెల్లవారునప్పటికి రాయబారము ముగియును. ఈ కాలపు రాయబారి పని అట్టిది కాదు. అతడు పరదేశములో ఏండ్ల తరబడి కాపురముండవలెను. తన ప్రభుత్వపు మాట ఆ దేశాధిపతికి నొప్పి కలుగకుండ చెప్పవలెను, అతని మనసులోని మాట గ్రహించి సంకేత లిపిలో తంతిద్వారా ఢిల్లీకి తెలుపవలెను. బాగుగా చేసిన పని పత్రికలలో రాదు. చెడిపోయినప్పుడే పేరు బయటికి వచ్చును. అందుచేతనే రాయబారుల జీవితచరిత్రలు వ్రాయుట కష్టము.

1952లో వీరు ఆర్జెంటీనాకు వెళ్ళిరి. అచ్చట రెండేండ్లు గడచెను. 1954లో ఈజిప్టుకు మార్చబడిరి. వీరి దౌత్యజీవితమున మిక్కిలి బరువైన ఘట్టము ఆ కైరో నగరముననే జరిగెను.

సూయజ్ కాలువ 1869లో తెరువబడినది. అది లేనిచో బొంబాయి నుండి బయలుదేరిన ఓడ ఆఫ్రికా ఖండమంతయు చుట్టి వేల మైళ్ళు అధికముగ పోవలసియుండును. మన తేయాకు, జనుము సరకులు ఐరోపాకు పోవుట, అచ్చటి యంత్రములు మనకు వచ్చుట ఆ దారినే. కాలువ కంపెనీ మాత్రము బ్రిటిషు, ఫ్రెంచివారి చేతులలో ఉండెను. 1956 జూలైలో నెహ్రూ గారు యుగోస్లావియాలోని బ్రియోనీ దీవిలో టిటో, నాసర్‌లను కలిసి, నాసర్‌తో కూడ కైరో వచ్చి వెళ్ళిరి. వారు వెళ్ళిన కొద్ది దినములకే, 26వ తేదీన, కాలువను జాతీయము చేయుచున్నట్లు నాసర్ ప్రకటించెను. ఆ సంగతి ముందుగా నెహ్రూకు చెప్పలేదు. భారత రాయబారికి ఇంతకన్న ఇరకాటమేమి కలదు? ఈజిప్టు హక్కును సమర్థింపవలెను, కాలువలో ఓడల రాకపోకలు చెడకుండ చూడవలెను, బ్రిటనుతో స్నేహము తెగకుండ నడువవలెను.

ఆగస్టులో లండనున 22 దేశముల సభ జరిగెను. ఈజిప్టు ఆ సభకు పోలేదు. కృష్ణమీనన్ భారతదేశము తరఫున కాలువపై ఈజిప్టు అధికారమును ఒప్పుకొనుచు ఒక రాజీమార్గమును ప్రతిపాదించెను. అమెరికా ప్రతిపాదనను 18 దేశములు బలపరచగా, భారతదేశము, సిలోను, ఇండొనేషియా, రష్యా దాని కంగీకరింపలేదు. సభలో లేని నాసర్ ఆలోచన ఢిల్లీకిని, ఢిల్లీ ఆలోచన నాసర్‌కును చేరవలసిన దారులలో ముఖ్యమైనది కైరోలోని భారత రాయబార కార్యాలయము. నాసర్‌కు అలీ యావర్ జంగు గారియందు నమ్మకము కుదిరినందుననే ఆ దారి తెగలేదు. అక్టోబరు 29న ఇజ్రాయేలు దండెత్తెను, 31న బ్రిటిషు, ఫ్రెంచి విమానములు బాంబులు కురిపింపసాగెను. కైరో చుట్టునున్న విమానాశ్రయములు కాలిపోవుచుండగా రాయబారి తన స్థానమున పనిచేయుచునే ఉండెను. నవంబరు మొదటి వారమున కాల్పులు ఆగెను. సంధిరేఖ వెంబడి కావలికై వెళ్ళిన ఐక్యరాజ్య సమితి సేనలో భారత సైనికులును ఉండిరి, వారు 1967 వరకు అచ్చట నిలిచిరి. 1957 ఏప్రిలులో ఓడలు కాలువలో మరల తిరిగెను. యుద్ధము ఆపినది ఒక్క రాయబారి కాడు. అమెరికా, రష్యాల ఒత్తిడియే ముఖ్యము. అయినను ఈజిప్టు ప్రజలలో భారతదేశముపై ఏర్పడిన ఆదరమున వీరి పాలు తక్కువ కాదు. 1959లో ప్రభుత్వము పద్మభూషణ బిరుదముతో వీరిని సత్కరించెను.

1958 నుండి యుగోస్లావియాలోను, 1961 నుండి ఫ్రాన్సులోను వీరు రాయబారిగా ఉండిరి. వీరి మొదటి భార్య ఫ్రెంచి వనిత యగుటచే ఆ జాతి నడవడిక వీరికి కొత్త కాదు. తెలుగువారు జ్ఞాపకముంచుకొనవలసిన పని ఒకటి ఆ కాలమున జరిగెను. పుదుచ్చేరితో పాటు గోదావరి ఒడ్డునున్న యానాము కూడ ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండెడిది. 1954లో పాలన మన చేతికి వచ్చెను, 1956లో సంధిపై సంతకములు పడెను, కాని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదము లేక ఏండ్లు గడచెను. అల్జీరియా యుద్ధము ముగిసిన పిమ్మటనే, 1962 ఆగస్టు 16న, ఆ ప్రాంతములు చట్టరీత్యా భారతదేశమున కలిసెను. అప్పుడు పారిసులో భారత రాయబారి అలీ యావర్ జంగు గారే.

1965లో వీరు ఆలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమునకు వైస్‌చాన్సలరుగా వచ్చిరి. ప్రవేశములలో ఆ విశ్వవిద్యాలయమున చదివిన విద్యార్థులకే 75 శాతము స్థానములు కేటాయించు పద్ధతి ఉండెను. దానిని 50 శాతమునకు తగ్గించుటతో అలజడి రేగెను. ఏప్రిల్ 25న సభ జరుగుచుండగా విద్యార్థులు లోనికి చొరబడి వైస్‌చాన్సలరును దారుణముగా కొట్టిరి. బాంబుల నడుమ కైరోలో గాయపడని మనిషి, తన దేశములో, తాను చదువు చెప్పించవలసిన పిల్లల చేతులలో ప్రాణాపాయ స్థితికి వచ్చెను. కేంద్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి విశ్వవిద్యాలయ పాలనను మార్చెను. ఆ ఆర్డినెన్సుపై చాల కాలము వాదోపవాదములు జరిగెను, అందులో ప్రభుత్వము తొందరపడినదను వారి మాటయందును సత్యము లేకపోలేదు. వీరు కోలుకొని ఆ పదవిలోనే 1968 వరకు కొనసాగిరి. ఆ గాయముల తరువాత అచ్చటికే మరల వెళ్ళుట సామాన్యమైన గుండె దిటవు కాదు.

1968లో అమెరికాకు రాయబారిగా వెళ్ళిరి. 1966, 67 కరవు సంవత్సరములలో అమెరికా గోధుమ రవ్వతో మన దేశము ఆకలి తీర్చుకొన్న సంగతి పెద్దలెరుగుదురు. 1968లో కొత్త వంగడముల వలన గోధుమ విరివిగా పండినందున, మన రాయబారి కొంత తలయెత్తి మాటలాడగలిగెను. అణ్వస్త్ర నిరోధ ఒడంబడికపై భారతదేశము సంతకము చేయని కారణమును వివరించు భారమును వీరిపైననే పడెను. 1969లో అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీకి వచ్చెను.

1970 ఫిబ్రవరిలో వీరు మహారాష్ట్ర గవర్నరైరి. రెంజల్ మండలములోని కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలియును. అచ్చట ఒడ్డున నిలిచి చూచిన ఆవలి గట్టు నాందేడు జిల్లా. 1956 వరకు ఈ గట్టు, ఆ గట్టు ఒకే హైదరాబాదు రాష్ట్రము. అందుచేత మరాఠ్వాడా ప్రజలకు ఈ గవర్నరు పరాయివాడు కాడు, వారి పాత రాజధానీ నివాసియే. 1972 నాటి ఘోరమైన కరవున ఆ ప్రాంతమున వేలాది కుటుంబములు రోడ్డు పనులకును చెరువు పనులకును తరలెను. ప్రభుత్వము పని చూపవలెనను ఉపాధి హామీ పథకము ఆ రాష్ట్రమున మొదలైనది అప్పుడే.

గవర్నరు పదవిలో ఉండగనే 1976 డిసెంబరు 11న బొంబాయిలో అలీ యావర్ జంగు గారు మరణించిరి. మరుసటి సంవత్సరము పద్మవిభూషణము ప్రకటింపబడెను. వీరి అల్లుడు, హైదరాబాదు వాడైన ఇద్రీస్ హసన్ లతీఫ్, వైమానిక దళాధిపతియై, పిదప మహారాష్ట్ర గవర్నరుగాను, ఫ్రాన్సులో రాయబారిగాను మామగారు కూర్చుండిన పీఠములలోనే కూర్చుండుట ఒక వింత.

1983లో బొంబాయి బాంద్రాలో వినికిడి లోపము గలవారి కొరకు కేంద్ర ప్రభుత్వము జాతీయ సంస్థను నెలకొల్పి దానికి అలీ యావర్ జంగు పేరు పెట్టెను. దాని ప్రాంతీయ కేంద్రము సికింద్రాబాదు మనోవికాస్ నగరులో ఉన్నది. పుట్టుకతో చెవులు వినరాని పసిపిల్లల వినికిడిని అచ్చట పరీక్షింతురు, వినికిడి యంత్రమును అమర్చుదురు, పెదవుల కదలిక చూపుచు మాట నేర్పుదురు.